ఇరవై ఏడో నంబరు టార్చి

దస్తగిరి గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. ముందు అడిగినవాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చేవాడు. ఆగిపోయిన గడియారమో, గరగరమనే రేడియోనో, తుప్పు పట్టిన స్ప్రింగో. ఆ పని అయ్యేలోగా చాలామంది తమ ప్రశ్న మరిచిపోయి వెళ్ళిపోయేవారు. మరిచిపోనివాళ్ళను జనం ఆయన శిష్యులనేవారు. మిర్చి యార్డు వెనక సందులో రేకుల పంచ, అందులో ఒక బల్ల, రెండు పీటలు, సీసాలో కిరసనాయిలు: అదే ఆయన ఆశ్రమం. పున్నమినాడు పాతికమంది చేరి తత్వాలు పాడుకునేదీ అక్కడే, మిగతా రోజుల్లో ఆయన టార్చిలైట్లు బాగుచేసేదీ అక్కడే. ఆ సందులో గాలి పీల్చినవాడెవడూ దగ్గకుండా ఉండలేడు. గురువు మాత్రం దగ్గేవాడు కాదు. అరవై ఏళ్ళుగా ఆ ఘాటు ఆయన గొంతులో కాపురం ఉంటోంది.

ఆ రోజు పొద్దున్నే వచ్చినవాడు జయపాల్. ఇరవై ఆరేళ్ళవాడు. ఎం.ఏ. చదివి, ఉద్యోగం వెతుక్కోకుండా, కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు మోసే ముఠా కూలీల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. నలభై కిలోలు ఉంటుంది, వీపు మీద పడ్డాక నలభై కిలోలలాగా ఉండదు. అతని తండ్రి ఆ బస్తాలు మోసే నడుం పోగొట్టుకున్నాడు. అందుచేత జయపాల్ కోపం అరువు తెచ్చుకున్నది కాదు, సొంతదే. మాటలే పుస్తకాల నుంచి తెచ్చుకున్నవి. పీట మీద కూర్చోకుండా, చేతిలోని గోనెసంచి దింపకుండా, నిలబడే అడిగాడు.

“గురువుగారూ, ఆశయం అంత గొప్పదైనప్పుడు మనుషుల చేతికి రాగానే ఎందుకు ఆరిపోతుంది? లోపం ఎక్కడుంది?”

గురువు అతని ముఖంలోకి చూశాడు. లోపం ఎక్కడుందో తెలుసుకునే వచ్చినట్టున్నావే అన్నాడు. జయపాల్ దాచలేదు. తెలుసన్నాడు. లోపం మనుషుల్లో ఉంది, అందులోనూ చిన్న చిన్న పదవుల్లో కుదురుకుపోయిన మనుషుల్లో ఉంది, ఆ కుళ్ళిన ముక్కను ఈ సాయంత్రం సంఘం కోసి పారేయబోతోంది అన్నాడు. సంచి విప్పి బల్ల మీద కుమ్మరించాడు. పదిహేను చిన్న టార్చిలైట్లు దొర్లాయి. వేలెడు పొడుగు, ఒక్క పెన్‌సెల్లుతో వెలిగేవి, వెనక మూతలో రబ్బరు బటన్ను ఉన్నవి. ఒక్కొక్క దాని మీద తెల్లగా ఒక నంబరు, మూతా గొట్టమూ కలిసే చోట ఎర్రగా ఒక పట్టీ. ఒక్కటీ వెలగదు.

వాటి వెనక కథ ఇది. కోల్డ్ స్టోరేజీ లోపలికి ఎండ రాదు. తాటిచెట్టంత ఎత్తు గది, అందులో చెక్కపట్టీలతో కట్టిన అటకలు, అటక మీద అటక, నాలుగు అంతస్తులు. మధ్యలో చల్లగాలి ఆడటానికి మనిషి పట్టేంత సందు పైనుంచి కింది దాకా వదిలేస్తారు. ఆ సందు చుట్టూ కంచె ఉండాలి, ఉండదు. కరెంటు పోతే వెలగడానికి వేరే దీపం ఉండాలి, అదీ ఉండదు. మిర్చికి మాత్రం ఇన్సూరెన్సు ఉంటుంది. రెండేళ్ళు అడిగీ అడిగీ, యజమానులు పెట్టరని తేలాక, సంఘమే చందాలు వేసుకుని నలభై టార్చీలు కొన్నది. ఆలోచన జయపాల్‌ది. పంచిపెట్టిన రోజున గోడల మీద “మా చేతి వెలుగు మాదే” అని రాయించాడు. ముసలి కూలీలు కూడా ఆ టార్చీలను తాళిబొట్టులాగా తాడు కట్టి మెడలో వేసుకున్నారు. వాటిని చూసుకునే బాధ్యత అంకారావుది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగి బస్తా మోయలేని స్థితి వస్తే, సంఘం గదికి తాళాలు వేయడం, సెల్లులు మార్చడం, తేలిక బస్తాలు సర్దడం అతనికి అప్పగించారు.

ఇరవై రోజుల కిందట, పట్టపగలు, మూడో అటక మీద మస్తాన్‌వలి బస్తా దింపి వెనక్కి తిరిగేసరికి కరెంటు పోయింది. కిందనున్నవాళ్ళు అతని గొంతు విన్నారు. టార్చి వెలగట్లేదురా అన్నాడట. కాసేపు టిక్కు టిక్కుమని బటన్ను నొక్కిన చప్పుడు కూడా విన్నామన్నారు. తర్వాత విన్నది వేరే చప్పుడు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. తాగి పడ్డాడని స్టోరేజీ మేనేజరు రాయించాడు. మస్తాన్‌వలి ఐదు పూటలా నమాజు చేసే మనిషి. తాగినవాణ్ణి చూస్తే పక్కకు తప్పుకుని నడిచేవాడు. చచ్చినవాడి నోరు వాసన చూసేవాళ్ళెవరు?

యజమాని మీద కేసు నడవాలంటే సంవత్సరాలు పడుతుంది. కానీ సంఘంలో కోపం సంవత్సరాలు ఆగదు. విచారిస్తే తేలింది, అంతకుముందు నెలలోనే చాలామంది టార్చీలు ఆరిపోతున్నాయని అంకారావు దగ్గరకు తెచ్చారు. అతను ఏం చేశాడు? మూత గట్టిగా బిగించి, అరచేతిలో రెండు తట్లు తట్టి, ఇదుగో వెలుగుతోందిగా అని తిరిగి ఇచ్చేశాడు. పనికిరాని స్విచ్చిలను మార్చకుండా ప్రాణాలతో ఆడుకున్నాడు అని జయపాల్ రాశాడు. తీర్మానం కూడా తనే రాశాడు: అంకారావును సంఘం నుంచి తొలగించాలి. అక్కడ తొలగించడమంటే పేరు కొట్టేయడంతో పోదు. సంఘం వద్దన్న మనిషిని ఏ ముఠా మేస్త్రీ తన వరసలో నిలబెట్టుకోడు. వేరే ఊరు పోవాలి, లేదా పస్తుండాలి.

ఇదంతా జయపాల్ ఒక్క గుక్కలో చెప్పాడు. గురువు వింటూ ఒక టార్చి తీసి, నంబరు చదివి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

“స్విచ్చి పోయిందని ఎవరు చెప్పారు?”

నొక్కితే వెలగడం లేదు కదా, ఇంక ఎవరు చెప్పాలి అన్నాడు జయపాల్. గురువు నవ్వలేదు. “బొటనవేలు ఆనేది అక్కడే. అందుకని తప్పు కూడా అక్కడే కనపడుద్ది,” అన్నాడు. తర్వాత పీట చూపించి కూర్చోమన్నాడు. సాయంత్రం దాకా పొద్దు బోలెడుంది, నేను చెప్పినట్టు ఒక్కొక్కటీ చెయ్, నీ ప్రశ్న ఎక్కడికీ పారిపోదు అన్నాడు.

ముందు కొత్త సెల్లు వేయించాడు. వెలగలేదు. మూత విప్పేయమన్నాడు, స్విచ్చి ఉన్నది మూతలోనే కాబట్టి ముందు మూత సంగతి తేల్చుకుందామన్నాడు. తన పాత టార్చి ఒకటి అందించి, ఆ మూతను దీనికి బిగించమన్నాడు. జయపాల్ బిగించి నొక్కాడు. గురువుగారి టార్చి శుభ్రంగా వెలిగింది. రెండో మూత, మూడో మూత, ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోకుండా పక్కన ఉంచి, పద్నాలుగు మూతలూ ఆ పాత గొట్టానికి బిగించి చూశాడు. పద్నాలుగూ వెలిగాయి. చెడిపోయాయని తను తీర్మానంలో రాసిన స్విచ్చిలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. జయపాల్‌కు లోపల ఎక్కడో ఒక మెట్టు జారినట్టయింది. అయినా అతను చదువుకున్నవాడు. చదువుకున్నవాడికి ఒక మెట్టు జారితే పట్టుకోవడానికి పది కొమ్మలు ఉంటాయి. అయితే లోపల బల్బులే నాసిరకం అన్నాడు. లాభాల కోసం మనుషుల ప్రాణాలను తూకం వేసే కంపెనీల వ్యవస్థ ఇది, అంకారావు దానికి చిన్న ఏజెంటు అన్నాడు.

గురువు జానెడు రాగితీగ తుంపి ఇచ్చాడు. బల్బు వెలగాలంటే కరెంటు పోవడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి కావాలి. సెల్లు మొన బల్బుకు తగులుతోంది, అది ఒక దారి. రెండో తీగ ఏదీ అని అడిగాడు. జయపాల్ గొట్టంలోకి ఒక కన్ను మూసి చూశాడు. లోపల తీగ లేదు. బోర్లించి చూశాడు, వేలు పెట్టి తడిమాడు. ఎక్కడా లేదన్నాడు.

“నువ్వు పట్టుకున్నదే,” అన్నాడు గురువు.

అప్పటిదాకా జయపాల్‌కు అది తట్టలేదు. ఆ చిన్న టార్చిలో గొట్టమే తీగ. మనిషి గుప్పిట్లో పట్టుకునే ఆ అల్యూమినియం ఒళ్ళంతా కరెంటుకు దారి. మూత మరలు గొట్టం మరలకు రాసుకుంటేనే ఆ దారి కలుస్తుంది. గురువు చెప్పినట్టు రాగితీగ ఒక కొస సెల్లు అడుగున ఆనించి, రెండో కొస గొట్టం అంచున ఆనించాడు. వెలగలేదు. చూశారా, బల్బే పోయింది అన్నాడు. గురువు వంగి, తీగ ఆనిన చోటు చూడమన్నాడు. తీగ కొస లోహం మీద లేదు. ఎర్రరంగు మీద ఉంది.

జయపాల్ గొట్టాన్ని వెలుతురు వైపు తిప్పాడు. గొట్టం అంచు మీద ఎరుపు, మరల గాళ్ళలో ఎరుపు, పాత పూత పగిలి పొరలు లేచిన చోట మళ్ళీ పూసిన కొత్త ఎరుపు. ఆ పట్టీ ఎవరి ఆలోచనో అతనికి ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. అవతలి సంఘం వాళ్ళ టార్చీలతో కలిసిపోకుండా మన గుర్తు ఉండాలన్నది ఒక కారణం. రెండోది, దాన్ని అతను సభలో చెప్పలేదు గాని రాసి పెట్టుకున్నాడు: మూతా గొట్టమూ కలిసే చోట రంగు వేస్తే, ఎవడైనా ఇంటికి తీసుకుపోయి సెల్లు మార్చేస్తే రంగు పగులుతుంది, దొంగ దొరుకుతాడు. కార్మికుల రాజ్యం రావాలని కలగనేవాడు కార్మికుడి చేతిలో పెన్‌సెల్లు కూడా నమ్మలేకపోయాడు. సెల్లు మార్చిన ప్రతిసారీ కార్యాలయంలోనే మళ్ళీ రంగు పూయాలని అంకారావుకు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చాడు. అంకారావు పూశాడు. పూసిన ప్రతిసారీ రంగు మరల్లోకి దిగింది. గట్టిగా బిగిస్తే పొర చిట్లి లోహానికి లోహం తగిలి వెలిగేది. బస్తా కుదుపుకు, గది చలికి మూత పిసరంత సడలితే ఆరిపోయేది. బల్ల మీద వెలిగేది, చీకట్లో వెలిగేది కాదు. అంకారావు బిగించి అరచేతిలో తట్టి ఇచ్చినప్పుడల్లా వెలిగింది. అతను అబద్ధం ఆడలేదు.

అప్పుడు జయపాల్‌కు ఇంకొకటి గుర్తొచ్చింది, అది గుర్తు రాకుండా ఉంటే బాగుండునని జీవితాంతం అనుకునేలాంటిది. మస్తాన్‌వలి పడటానికి వారం ముందు అంకారావు కార్యాలయం గడప దగ్గర నిలబడి, చేతిలో రెండు టార్చీలతో, “బాబూ, ఈ రంగు పూసిన కాడ్నించీ...” అని మొదలుపెట్టాడు. జయపాల్ అప్పుడు కరపత్రం రాస్తున్నాడు. రంగు అంటే అలంకారం కాదనీ, అది మన క్రమశిక్షణ అనీ, చిన్న అసౌకర్యాన్ని భరించలేనివాడు పెద్ద పోరాటం చేయలేడనీ పది నిమిషాలు చెప్పాడు. అంకారావు పది నిమిషాలూ నిలబడి విని, సరే బాబూ అని వెళ్ళిపోయాడు. బయట ఎవరో ఏమన్నాడని అడిగితే, అగ్గిపుల్ల అడిగితే అగ్ని ఎట్టా పుట్టిందో చెప్పాడురా అన్నాడట. ఆ మాటకు యార్డంతా నవ్వింది. ఆ నవ్వు జయపాల్ దాకా వచ్చింది కూడా. తీర్మానం రాసేటప్పుడు ఆ నవ్వు అతని కలంలో లేదని చెప్పలేం.

గరుకు కాగితం తీసుకుని జయపాల్ గీకడం మొదలుపెట్టాడు. ఒకటి వెలిగింది. రెండు వెలిగాయి. ఒక్కొక్కదానికి గొట్టం అంచూ మరలూ గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బిగించి, నొక్కి, బల్ల మీద వరసగా నిలబెట్టాడు. బల్ల మీద ఎర్రపొడి మిరపకారంలా రాలింది. పద్నాలుగు అయ్యాయి. పదిహేనోది, పొద్దుటి నుంచీ పక్కన ఉంచినది, ఇరవై ఏడో నంబరు. అది మస్తాన్‌వలిది; అతను పడిన చోట, అడుగు బస్తాల సందులో దొరికింది. దాన్ని గీకి, తుడిచి, మూత బిగిస్తున్నాడు. చివరి చుట్టు తిరగకముందే అది వెలిగింది. జయపాల్ ఇంకా నొక్కలేదు. నొక్కనవసరం లేదు. చనిపోయినవాడు చివరిసారి నొక్కిన నొక్కు మూతలో అలాగే ఉంది. ఇరవై రోజుల కిందట మూడో అటక మీద ఒక మనిషి అడిగిన వెలుగు ఇప్పుడు, పొద్దెక్కిన ఎండలో, ఎవరికీ అక్కర్లేని చోట వచ్చి జయపాల్ చొక్కా మీద పడింది.

అతను దాన్ని ఆర్పలేకపోయాడు. గురువే అందుకుని ఆర్పి పక్కన పెట్టాడు.

కంచె పెట్టనివాడు యజమాని, దీపం పెట్టనివాడు యజమాని, అసలు హంతకుడు వాడు కాదా అన్నాడు జయపాల్. గురువు ఔనన్నాడు. “కాదని నేనన్నానా? వాడి తప్పు వాడి దగ్గరే ఉంటది, అరిగిపోదు. ముందు నీ గుప్పిట్లో ఉన్నది చూడు.” సాయంత్రం సభలో అంతా చెప్పేస్తానన్నాడు జయపాల్. ఏదీ దాచననీ, బహిరంగంగా ఆత్మవిమర్శ చేసుకుంటాననీ, నాయకత్వం తన తప్పును ప్రజల ముందు పెట్టడమే నిజమైన ప్రజాస్వామ్యమనీ అన్నాడు. ఆ మాటలు అంటుండగానే అతని నడుము నిటారైంది, గొంతు బలపడింది. గురువు అది గమనించాడో లేదో, టార్చీలను సంచిలో పెట్టి ఇచ్చాడు.

సభ యార్డు పక్కన రేకుల షెడ్డులో జరిగింది. నూటయాభై మంది దాకా నేల మీద కూర్చున్నారు. అంకారావు అందరికంటే వెనక, స్తంభం పక్కన, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. జయపాల్ బెంచీ ఎక్కి మాట్లాడాడు. ఎప్పుడూ లేనంత బాగా మాట్లాడాడు. మోసేవాడి వీపు మీద కట్టిన మేడల గురించి చెప్పాడు. కంచెలేని సందుల గురించి, శవం మీద రాసిన అబద్ధం గురించి చెప్పాడు. అందులో ఒక్క మాట అసత్యం కాదు. అరగంట గడిచాక టార్చి ఎత్తి చూపించి, ఈ రంగు నాది, ఈ ఆదేశం నాది, ఈ తప్పు నాది అన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత చదువుకున్నవాడు మన ముందు తల వంచాడే అన్నారు. ఎవరో లేచి కార్యదర్శి నాయకత్వం వర్ధిల్లాలని అరిస్తే అందరూ అందుకున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు అతన్ని బెంచీ మీంచి భుజాలకెత్తుకున్నారు.

అధ్యక్షుడు మేస్త్రి వెంకటప్పయ్య, అరవై ఏళ్ళ మనిషి, సభా మర్యాద తెలిసినవాడు. అజెండాలో ఉన్నది వదిలేసే అలవాటు ఆయనకు లేదు. చప్పట్లు తగ్గాక కళ్ళజోడు పెట్టుకుని, ముందురోజే టైపు చేయించిన తీర్మానం చదివాడు. రంగు వేయమన్నవాడే ఇంత నిజాయితీగా ఒప్పుకుంటే, చేతులారా పూసి, ఆరిపోతున్నవాటిని తట్టి తట్టి ఇచ్చిన మనిషి ఒక్క ముక్క మాట్లాడకుండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు చూడండి అని తన సొంత మాట ఒకటి కలిపాడు. ఏమయ్యా అంకారావూ, నోట్లో తాంబూలం ఉందా అని ఎవరో ఎకసెక్కెం ఆడారు. తీర్మానానికి అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి అన్నాడు వెంకటప్పయ్య. జయపాల్ ఇంకా భుజాల మీదే ఉన్నాడు. ఆగండి అన్నాడు; ఆ గోలలో అది నినాదంలో ఒక ముక్కలా కలిసిపోయింది. కిందికి దిగేసరికి షెడ్డంతా చేతులే. స్తంభం పక్కన కూడా ఒక చెయ్యి లేచి ఉంది. ముప్పై ఏళ్ళుగా సంఘం ఏ తీర్మానం పెట్టినా ఎత్తినట్టే అంకారావు తన చెయ్యి తను ఎత్తాడు. లెక్కపెట్టడానికి వచ్చినవాడు దాన్ని కూడా లెక్కపెట్టుకున్నాడు.

జయపాల్ వెంకటప్పయ్యను పట్టుకున్నాడు. ఇది అన్యాయమన్నాడు. బాబూ, మీరు రాసిందే కదా అన్నాడు ఆయన, కోపం లేకుండా. అయిపోయిన తీర్మానం మళ్ళీ ఎత్తాలంటే మూడు నెలలు ఆగాలి, ఆ నియమం కూడా మీరు పెట్టిందే అన్నాడు. జయపాల్ వెనక్కి తిరిగి చూసేసరికి స్తంభం పక్కన ఎవరూ లేరు. తర్వాత ఎవరో చెప్పారు, అంకారావు పోతూ పోతూ సంఘం గది తాళంచెవులు నీళ్ళ కుండ మీద పెట్టి, ఆ కుండలో నీళ్ళున్నాయో లేదో చూసి మరీ పోయాడని.

మర్నాడు జయపాల్ మళ్ళీ రేకుల పంచ దగ్గరకు వెళ్ళాడు. ఒక్క రాత్రిలో ముఖం పీక్కుపోయింది. ఈసారి సంచి లేదు. తెల్లవారకముందే యార్డు గేటు దగ్గర అంకారావు మూడు ముఠాల వెనక నిలబడ్డాడనీ, ఒక్క మేస్త్రీ కూడా రమ్మనలేదనీ, పది గంటల బస్సుకు ఎక్కడికో పోతున్నాడనీ దారిలో విన్నాడు. ఆ సంగతి చెప్పి, నిలబడే అడిగాడు. “నిజమే చెప్పాను గురువుగారూ. ఒక్క ముక్క దాచలేదు. ఎందుకు పని చెయ్యలేదు?”

గురువు చేతిలో ఒక గడియారం ఉంది. దాన్ని ఆ రోజు శిష్యుడి చేతికి ఇవ్వలేదు. పక్కన పెట్టేశాడు. సభ ఎలా జరిగిందో మొదటి నుంచీ చెప్పమన్నాడు. జయపాల్ చెప్పాడు. ఏ మాట తర్వాత ఏ మాట అన్నదీ, ఎక్కడ ఆగిందీ, ఎక్కడ జనం ఏడ్చిందీ అతనికి బాగానే గుర్తుంది. అంతా విని గురువు ఒకటే అడిగాడు.

“చప్పట్లు కొట్టినప్పుడు అంకారావు కొట్టాడా?”

భుజాల మీంచి అతనికి ఆ మూల స్పష్టంగానే కనిపించింది. కొట్టాడన్నాడు. అందరికంటే చివర ఆపాడన్నాడు. సందులోంచి ఘాటు గాలి ఒకటి వీచింది. జయపాల్ దగ్గాడు, ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, అవి మిర్చి వల్ల వచ్చినవని అనుకోవడానికి ఇద్దరికీ వీలు దొరికింది. గురువు మంచినీళ్ళ చెంబు అతని వైపు జరిపాడు. గోడ గడియారం తొమ్మిదిన్నర దాటుతోంది.

మళ్ళీ చెప్పు అన్నాడు గురువు. ఎవరికి చెప్పాలి, సభ అయిపోయింది, తీర్మానం అయిపోయింది, ఇంక చెప్పినా అతని పేరు వరసలో చేరదు కదా అన్నాడు జయపాల్. గురువు చేరుతుందని అనలేదు. అంకారావు ఇల్లు ఎక్కడో తెలుసా అని అడిగాడు. నాలుగేళ్ళు ఒకే గదిలో పనిచేసిన మనిషి ఇల్లు ఏ వీధిలో ఉందో జయపాల్‌కు తెలియదు. గురువు లేచి, సందు మొదట్లోకి వచ్చి, రైలు గేటు దాటాక ఎడమకు, పీర్ల చావిడి వెనక రెండో గుడిసె అని చేత్తో చూపించాడు. జయపాల్ రెండడుగులు వేసి ఆగాడు. వెళ్ళి ఏమని మొదలుపెట్టాలో తెలియని ముఖంతో వెనక్కి చూశాడు.

“వాళ్ళింట్లో కుర్చీ ఉండదు నాయనా,” అన్నాడు దస్తగిరి గురువు. “కింద కూర్చోవాలి.”